అన్‌ఫిట్ మిఠాయి

(‘తెల్లబండి’ - పదకొండో వారం)

పోయిన వారం అన్నదమ్ములిద్దరినీ ఒకే పొద్దున, ఒకే గడప దాటించి వదిలిపెట్టాం. చిన్నవాడు, బొగ్గు గనిలో పనిచేసే యేసుకుమార్, కంపెనీ పెద్ద దవాఖానలో మెడికల్ బోర్డు ముందు నిలబడడానికి మొదటి బస్సెక్కాడు. పెద్దవాడు యిర్మియా తన తెల్ల అంబాసిడర్‌కు పాసింగ్ చేయించడానికి, అంటే ఇంకా రోడ్డెక్కొచ్చని రాయించుకోవడానికి, ఆర్టీవో ఆఫీసుకు బయల్దేరాడు.

బొగ్గుబాయి ఎరగని వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. లోకంలో ఎక్కడైనా డాక్టరు “నీకేం లేదు పో” అంటే మనిషి దండం పెట్టి ఇంటికి పోతాడు. గోదావరిఖనిలో మాత్రం బోర్డు ముందు నిలబడ్డవాడు “అన్‌ఫిట్” అనిపించుకోవాలని మొక్కుకుంటాడు. అన్‌ఫిట్ అయితే తను ఇంటికి, కొడుకు నౌకరికి. ఫిట్ అయితే మళ్లీ అదే బాయి, అదే దుమ్ము. యేసుకుమార్‌కు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది కాబట్టి ఇంకోసారి బోర్డు పిలుపు రాదు. కొడుకు ఆకాశ్‌కు ముప్పై దాటినా కుదురైన నౌకరి లేదు. ఈ ఒక్క పూట మీదే ఆ ఇంటి ఆశంతా.

అందుకే తల్లి రాములమ్మ గడపలో నిలబడి ఇద్దరి నెత్తిన చేతులు పెట్టింది. “తండ్రీ, పెద్దోని బండి పాస్ కావాలె. చిన్నోడు అన్‌ఫిట్ కావాలె. నీకు శాన పనులుంటయి, మర్చిపోయి ఇటుదటు చెయ్యకు.” ముసల్ది కళ్లు మూసుకుని అంటుంటే కొడుకులిద్దరూ నవ్వు ఆపుకుంటూ ఆమెన్ అన్నారు.

*

బ్రేకు ఇన్స్పెక్టరు ఆడపిల్ల. యిర్మియా బండి రోడ్డెక్కిన నాటికి ఆమె పుట్టి కూడా ఉండదు. అయినా మర్యాద తెలిసిన పిల్ల. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ లైటు వేసి కిందికి చూసింది. చేతిలో స్క్రూడ్రైవర్‌తో ఛాసిస్ మీద పొడిచింది. ఇనుము గట్టిగా ఎదురు తిరగలేదు. స్క్రూడ్రైవర్ అప్పడంలో దిగినట్టు దిగబడింది. ఎర్రటి పొడి ఆమె తెల్ల చొక్కా చేతి మీద రాలింది.

“అంకుల్, మీరే ఒకసారి చూడండి” అంది.

యిర్మియా వంగలేదు. చూడాల్సిన పని లేదు. పోయిన వానాకాలం అక్కడ రేకు పెట్టి వెల్డింగ్ చేయించి, పైన తారు పూసింది తనే. బిడ్డ వీపు మీది పుండు కన్నవాళ్లకు ఒకరు చూపించాలా?

“స్టీరింగ్ కూడా లూజుగా ఉంది.”

“మొన్ననే మార్చిన మేడం.”

“కొత్తది వేశారా?”

“కొత్తది యాడ దొరుకుతది? ఇంకో బండిది తీసి ఏసిన. సచ్చిపోయిన బండిది.”

“దానిది అప్పటికే అరిగిపోయి ఉంటుంది కదా అంకుల్.”

“దానికి గూడ వేరే సచ్చిన బండిదే ఏసిన్రు మేడం.”

ఆ పిల్ల నవ్వలేదు. నవ్వి ఉంటే అతను ఏదో ఒకటి అనేవాడు. “మా తాతయ్యకూ ఇలాంటి బండే ఉండేది. నేను దాంట్లోనే బడికి పోయాను” అంది మెల్లగా. “కానీ అంకుల్, నడి రోడ్డు మీద ఛాసిస్ విరిగితే మీకూ కష్టం, ఎదురొచ్చేవాళ్లకూ కష్టం. ఏమనుకోకండి. అన్‌ఫిట్ రాస్తున్నాను.”

ఏమనుకోవడానికి మాత్రం ఏముంది? ఆమె చెయ్యి చాపి ఏమైనా అడిగి ఉంటే గల్లా పట్టేవాడు. పొగరుగా మాట్లాడి ఉంటే నాలుగు తిట్టి మనసు బరువు దించుకునేవాడు. తిట్టడానికి ఒక మనిషి దొరకడం కూడా అదృష్టమే. న్యాయంగా పడిన దెబ్బకు మందు లేదు.

గేటు దగ్గర దాబా ఓనరొకడు వెంటపడ్డాడు. “తాతా, బండి నాకియ్యరాదు? రంగేసి, సీరియల్ లైట్లు కట్టి, హోటల్ ముందల పెడ్త. పోరగాండ్లు ఫోటోలు దిగుతరు.”

“ఇంజన్ కొత్త రింగులేసి ఉన్నది” అన్నాడు యిర్మియా, పిల్లను చూపులకు కూర్చోబెట్టినవాడిలా.

“ఇంజనెందుకు తాతా? ఇంజను పీకేస్తం. వానకు సీట్లు నానుతయని అవి గూడ తీసేస్తం.”

యిర్మియా రోడ్డు దాటి చాయ హోటలుకు పోయాడు. తన ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. హోటలాయన ఫోన్ అడిగి తీసుకుని తమ్ముడి భార్య కెరోలిన్ నంబరు నొక్కాడు. కెరోలిన్ నల్లా దగ్గర ఉందేమో, ఫోన్ తల్లి ఎత్తింది. రోడ్డు మీద లారీల హారన్లు. ఒక చెవి మూసుకుని అరిచాడు.

“అవ్వా! అన్‌ఫిట్ చేసిండ్రే!”

“ఆఁ? అన్‌ఫిటా?”

“ఆ, అన్‌ఫిటే. ఇగ అయిపోయిందే అవ్వా…”

అవతల తల్లి “స్తోత్రం! స్తోత్రం తండ్రీ!” అనడం వినిపించింది. ముసల్దానికి మంచికైనా చెడుకైనా నోట్లోంచి ముందు వచ్చేది ఆ మాటే. ఫోన్ ఇచ్చేసి, కండువాతో కళ్లు తుడుచుకుంటూ బండెక్కాడు.

*

ఇంటికి పోబుద్ధి కాలేదు. బసంత్‌నగర్ దాటేదాకా రోడ్డు పక్కనే నడిపాడు. సిమెంటు లారీలు గాలి కొడుతూ దాటిపోయాయి. ఒక చింతచెట్టు కింద ఆపి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

ఈ బండి ఆ ఇంటికి వచ్చిన సంగతి పాత పాఠకులకు తెలుసు. తండ్రి అన్‌ఫిట్ అయినప్పుడు ఇంట్లో రెండే ఆస్తులు. తండ్రి జాగాలో వచ్చే నౌకరి ఒకటి. తండ్రి సెటిల్‌మెంటు డబ్బుతో కొన్న కొత్త అంబాసిడర్ ఇంకొకటి. కొడుకులిద్దరు. ముందు కోరుకునే హక్కు పెద్దవాడిది. యిర్మియా కారు కోరుకున్నాడు. తమ్ముడికి నౌకరి మిగిలింది. గల్లీ అంతా పెద్దవాడి తెలివిని మెచ్చుకుంది, చిన్నవాడి కర్మకు జాలిపడింది. చీకట్లోకి దిగి బొగ్గు మసి మింగే పని ఎక్కడ, అంబాసిడర్ ఎక్కడ? అంబాసిడర్ ఉన్నవాడు ఆ కాలంలో దొర.

చౌరస్తా దగ్గర టాక్సీ స్టాండులో తెల్ల బండ్లు చెరువు గట్టున కొంగల్లా బారుగా నిలబడేవి. పెళ్లికూతుళ్లు చర్చికి పోయినా గుడికి పోయినా ఆ బండే. నొప్పులు పడే ఆడవాళ్లకు అదే. బాయిలో బండ పడి కాలు విరిగినవాణ్ని వరంగల్ తీసుకుపోవాలన్నా అదే. కంపెనీ పెద్ద సారు పోయేది అందులోనే, పెద్ద సారును ఘెరావ్ చేయడానికి యూనియన్ లీడర్లు పోయేది కూడా అందులోనే. వెనక సీట్లో నలుగురు, ముందు ముగ్గురు, డిక్కీలో బియ్యం బస్తా, పైన పరుపుల మూట. ఎక్కడ ఆగినా రెంచీ, సుత్తె, ఇంత తీగ ముక్క ఉంటే చాలు, మళ్లీ లేచేది.

రోడ్లు గుంతలుగా ఉన్నన్నాళ్లు ఆ బండి అందరికీ కావాల్సి వచ్చింది. రోడ్లు నున్నగా అయ్యాక బండి మొరటుదైపోయింది. ముందు చిన్న కార్లొచ్చాయి. తర్వాత ఏసీలొచ్చాయి. సార్లు పాత బండి ఎక్కేది లేదన్నారు. పెళ్లివాళ్లు ఫోటోలో బాగుండదన్నారు. స్టాండులో బండి వెనక బండి కనబడకుండా పోయింది. యిర్మియా జోడీదారు జగదీశ్వర్, నిద్రలో కూడా గేరు మార్చే మనిషి, తన బండిని తూకానికి అమ్మి ఇప్పుడు జ్యోతినగర్‌లో ఒక అపార్ట్‌మెంటు గేటు తీసి మూస్తున్నాడు. లోపలికి పోయే కార్లకు సెల్యూట్ కొట్టడం అతని డ్యూటీ. వాటిలో ఒక్కదాని పేరూ తనకు నోరు తిరగదని నవ్వుతూ చెబుతాడు. ఆ నవ్వు చూడలేం.

బెంగాల్‌లో ఆ బండ్లు పుట్టే ఫ్యాక్టరీకి తాళం పడిందని పేపర్లో వచ్చిన రోజు యిర్మియా అన్నం తినలేదు. గేటు ముందు కూర్చున్న కార్మికుల ఫోటో వేశారు. వాళ్లెవరో తెలియదు, వాళ్ల భాష తెలియదు. కానీ బాయి మూతపడితే గేటు ముందు కూర్చునే మనుషుల ముఖాలు అతనికి తెలుసు. అవే ముఖాలు. తర్వాత ఆ బండి పేరును కూడా పరదేశం కంపెనీ ఒకటి కొనుక్కుందని విన్నాడు. మనిషి చచ్చాక పేరు మిగులుతుందంటారు. దీనికి అదీ మిగల్లేదు.

పొద్దు వాలుతుంటే బండి స్టార్ట్ చేశాడు. ఒక్క తాళంచెవి మలుపుకే లేచింది. లేవకపోయినా బాగుండేదనిపించింది.

*

గల్లీ మలుపులో డప్పు వినిపించింది. ఎవరింట్లోనో పెళ్లి అనుకున్నాడు. కొంచెం ముందుకు పోయాక ఆ డప్పు తమ క్వార్టరు ముందే మోగుతోందని తెలిసింది.

వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు. పక్క క్వార్టరు రాజం తువ్వాల నడుముకు బిగించి చిందులేస్తున్నాడు. ఆయన భార్య అనసూర్య గ్లాసుల్లో చాయ పోస్తోంది. యేసుకుమార్ కొడుకు ఆకాశ్ తను పనిచేసే కార్ల షోరూమ్ టీషర్టుతోనే నిలబడి అందరితో చేతులు కలుపుతున్నాడు. మంచం మీద రాములమ్మ కొత్త చీరలో ఉంది.

బండి పూర్తిగా ఆగనైనా లేదు, కెరోలిన్ మిఠాయి డబ్బాతో కిటికీ దగ్గరికి ఉరికొచ్చింది.

“బావా! నోరు తెరువు! అన్‌ఫిట్ అయింది బావా, అన్‌ఫిట్!”

అని అతను ఏదో అనేలోపే బాలుషాహీ నోట్లో కుక్కింది.

యిర్మియా ఆ తీపిని మింగలేదు, కక్కలేదు. కెరోలిన్‌కు ఆ బండి మీద మొదటి నుంచీ కసి ఉంది. వాకిలంతా అదే ఆక్రమించింది, అది పోతే అక్కడ ఒక రూము వేయొచ్చు, ఆకాశ్‌కు ఒక జాగా అవుతుంది అని పండక్కీ పబ్బానికీ అంటూనే ఉంటుంది. అంటే అంది. కానీ డప్పులు పెట్టిస్తుందా?

రాజం కిటికీలో తల పెట్టాడు. “ఏందయ్యా యిర్మియా, గట్ల మొకం ఏలాడేసినవ్? అన్‌ఫిట్ అయితె ఏడుస్తరా ఎవలన్న? నాకు అన్‌ఫిట్ అయిన్నాడు మా కొడుకు వేణుమాధవ్‌గాడు నన్ను బుజాల మీద ఎక్కించుకొని గల్లీ అంత తిప్పిండు. నౌకరెక్కినంక కప్పు చాయ గూడ పొయ్యలేదు, గది వేరే ముచ్చట!”

అందరూ గొల్లున నవ్వారు. అనసూర్య గ్లాసు అందిస్తూ, “ఎన్నేండ్ల పరేషానో అన్నా, ఇయ్యాలటితోని తెగింది. ఇగ ఆ జాగల ఆకాశ్ కుదురుకుంటడు” అంది.

ఆ జాగల! యిర్మియా నోట్లోది అరచేతిలోకి ఉమ్మేసి, తలుపు ధడాలున తోసి దిగాడు.

“ఎద్దు పుండు కాకికి ముద్దంటరు. ఇన్నేండ్లు ఇన్నగని ఇయ్యాల కండ్ల సూస్తున్న. నా బండి సచ్చిపోతె మీకు డప్పులా? మిఠాయిలా?”

డప్పు ఆగిపోయింది.

“ఎప్పుడు పోతదా, ఎప్పుడు పోతదా అని కూసున్నరు. పోయింది. ఇగ ఖుషీయేనా? తీస్కో కెరోలిన్, జాగంత తీస్కో. రూమేసుకో, బంగ్లా ఏసుకో. నువ్వు పెండ్లిపిల్లవై చర్చిల దిగింది గీ బండిల కాదా? గీ ఆకాశ్‌గాన్ని కనెటప్పుడు నువ్వు బొబ్బలు పెడుతుంటే దవాఖానకు ఉరికింది గిది కాదా? నువ్వు నా మీద కోపం పెట్టుకో, పడ్త. నోరు లేని దాని మీద డప్పు కొట్టిస్తవా?”

కెరోలిన్ డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె నోటికి గల్లీలో పేరుంది, మామూలుగా అయితే మాటకు నాలుగు తిరిగొచ్చేవి. కానీ ఆమె ముఖంలో కోపం కంటే అయోమయం ఎక్కువగా ఉంది.

“బండేంది బావా? బండి ముచ్చట ఎవలు తీసిన్రు?”

“అన్‌ఫిట్ అయిందని నువ్వే గద…”

“మీ తమ్మునికి బావా! ఆయనకు అన్‌ఫిట్ అయింది! ఫోన్ చేసి చెప్పిండు!”

యిర్మియా చెయ్యి బండి బానెట్ మీద ఆనింది. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, లోపల ఏదో బరువు దిగిపోయింది. తమ్ముడు గట్టెక్కాడు. అర్ధరాత్రి పక్క గదిలోంచి వినపడే ఆ దగ్గు ఇక బాయిలోకి దిగదు. తను కాదన్న నౌకరి తమ్ముడి రొమ్ములో కూర్చుందన్న ముల్లు ఇన్నేళ్లకు ఊడింది. బండి పోతే పోనీ. వంద బండ్లు పోనీ.

“నిజమా? ఎప్పుడు చేసిండు?”

“పగటీలి, నేను నల్లా కాడ ఉన్న. అవ్వ ఎత్తింది. ఎవలదో కొత్త నంబరు. నేను మళ్ల ఆ నంబరుకు కొడితె ఎవరో చాయ హోటలాయన ఎత్తిండు. ‘ఆయన పోయిండమ్మా, అన్‌ఫిట్ అయిందని ఫోన్ల చెప్పి, కండ్లు తుడుసుకుంట పోయిండు’ అన్నడు. చూడు బావా, సంతోషం పట్టలేక ఏడిసిండట! పెండ్లయిన కాడికెల్లి ఆయన ఏడ్వంగ నేను సూడలే.”

చెబుతూ చెబుతూ కెరోలిన్ తనే కొంగుతో కళ్లద్దుకుంది. యిర్మియా మంచం వైపు నడిచాడు.

“అవ్వా. ఫోన్ల ఏమన్నడే వాడు?”

“అన్‌ఫిట్ చేసిండ్రే అవ్వా అన్నడు బిడ్డా” రాములమ్మ బోసినోరు వెలిగిపోతోంది. “ఇగ అయిపోయిందే అన్నడు. అయిపోయింది బిడ్డా, వాని కష్టం అయిపోయింది.”

“గొంతెవలిదే?”

“చిన్నోనిదే. నాకు తెల్వదా?” అని ఆగింది. “మీ ఇద్దరిదొక్కటే గొంతాయె, మీ బాపు గొంతు…”

కొడుకు ముఖం చూసింది. చూస్తూనే ఉంది. ఆమె నోరు మెల్లగా మూసుకుంది.

“అవ్వా, గా ఫోన్ చేసింది నేనే” అన్నాడు యిర్మియా. “నా బండి పాస్ కాలేదు. ఆ మేడం అన్‌ఫిట్ అన్నది. నేను గదే నీకు చెప్పిన.”

రాజం నడుముకు కట్టిన తువ్వాల విప్పాడు. “బండిని గూడ అన్‌ఫిట్ అంటరా?” అన్నాడు, ఎవరినీ అడగనట్టు. “బండి పాస్, ఫెయిల్ అంటరు గని…”

ఎద్దు ఈనిందంటే దూడను గాట్లో కట్టేయమన్నట్టయింది. కానీ అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు. డప్పు కొట్టేవాళ్లు డప్పుల్ని చంకలో పెట్టుకుని, పిలవని పేరంటానికి వచ్చినట్టు గోడవారకు జరిగారు. అనసూర్య అప్పటికే పోసిన చాయ ఎవరికియ్యాలో తెలియక ట్రే పట్టుకుని నిలబడింది.

“పెద్దబాపు” అన్నాడు ఆకాశ్. “నేను షోరూమ్ల రిజైన్ చెప్పిన. మేనేజర్ మొకం మీద ఐడీ కార్డు పడేసి, ఇగ నీ కార్లు నువ్వే అమ్ముకో అని వచ్చిన.”

కెరోలిన్ అరుగు మీద కూలబడింది. ఏడవలేదు. డబ్బా మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి పక్కన పెట్టేసింది.

“అయితె ఆయనది ఏమైనట్టు బావా?”

“తెల్వదు. ఫోన్ కలుస్తలేదా?”

“పగటికెల్లి స్విచ్చాఫ్. ఛార్జింగ్ లేదేమో అనుకున్న.”

“మరి ఫికర్ ఎందుకు?” రాజం కష్టపడి గొంతు పెంచాడు. “అన్‌ఫిట్ కాలేదని ఎవలన్నరు? అయి ఉండొచ్చు. అయ్యే ఉంటది. వాని దగ్గు ఇంటె రాయికి గూడ తెలుస్తది. నా మాటిను చెల్లె, డప్పులోళ్లను పంపియ్యకు.”

ఆ మాటను అందరూ గడ్డిపోచలా పట్టుకున్నారు. అవును, కావచ్చు కదా. కాలేదని ఎవరూ చెప్పలేదు కదా. అనసూర్య చాయ మళ్లీ వేడి చేస్తానని లోపలికి పోయింది. కుర్చీలు కదిలాయి.

రాములమ్మ మాత్రం కొడుకు చెయ్యి వదలలేదు. “మరి బండి అన్‌ఫిట్ అయితె, దాని బదులు ఇంకోటి ఇయ్యరా బిడ్డా? మీ బాపుకైతె అన్‌ఫిట్ అయినంక చిన్నోన్ని తీసుకున్నరు గద.”

“ఎవలిస్తరవ్వా?”

“దాని కంపెనీ.”

“దాని కంపెనే లేదవ్వా.” యిర్మియా ఆమె పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు. “మనిషి అన్‌ఫిట్ అయితె ఎనక కొడుకుంటడు. దీని ఎనక ఎవలున్నరు? పుట్టిల్లు మూతవడి పదేండ్లు దాటింది. ఇది పోతె ఇగ దీని పేరు చెప్పుకునెటోడు లేడు.”

“అయ్యో” అంది రాములమ్మ, బండి వైపు తిరిగి. పొద్దున ఎక్కడికి పోయి వచ్చిందో తెలియని గొడ్డులా అది వాకిట్లో నిలబడి ఉంది. ఇంజన్ వేడి ఇంకా దిగలేదు, టక్కు టక్కుమని చల్లారుతున్న చప్పుడు. “ఎంతమందిని మోసింది బిడ్డా. దాన్ని ఎవ్వలు మోస్తలేరాయె.”

అప్పుడే గల్లీ చివర మోటార్ సైకిళ్ల హారన్లు మోగాయి. ఒకటి కాదు, నాలుగైదు. వాటి వెనక ఆటో. ఆటోలోంచి ఈలలు.

డ్యూటీ దిగి వస్తున్న బాయి దోస్తులు. ముఖాన బొగ్గు మసి కూడా కడుక్కోలేదు. ఆటో వాకిలి ముందు ఆగింది. వాళ్లు భుజాలు పట్టి దించిన మనిషి యేసుకుమార్. మెడ నిండా బంతిపూల దండ. కాలు కింద పెట్టగానే ఆయాసంతో వంగిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టి ఊపిరి తీసుకున్నాడు. తల ఎత్తినప్పుడు నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

కెరోలిన్ లేచి నిలబడింది. “అయిందా?” అంది. ఆమె మాట ఆమెకే వినిపించనంత మెల్లగా.

రాజం ముఖం విప్పారింది. “నేను చెప్పలే! చెప్పలేనా నేను! కొట్టున్రా డప్పు!”

డప్పు మోగింది. యేసుకుమార్ ఎవరివైపూ చూడలేదు. నేరుగా అన్న దగ్గరికొచ్చి రెండు చేతులతో వాటేసుకున్నాడు. దండలోని పూలు ఇద్దరి మధ్య నలిగాయి. ఆ రొమ్ములో గురగురమంటున్న చప్పుడు యిర్మియా రొమ్ముకు తగిలింది.

“అన్నా” అన్నాడు, అన్న చెవి దగ్గర నోరు పెట్టి. “ఫిట్ అన్నరే నన్ను.”

యిర్మియా వెనక్కి జరగబోయాడు. తమ్ముడు వదల్లేదు.

“నా మొకం మీదనే అన్నరు, ఫిట్ అని. బస్సెట్ల ఎక్కిన్నో తెల్వదు. ఫోన్ బందు పెట్టిన. ఏం మొకం పెట్టుకొని చెప్పాలె కెరోలిన్‌కు? గోదావరి మీది బ్రిడ్జి దాక పోదామనుకున్ననే అన్నా, నిజం చెప్తున్న, బస్‌స్టాండ్ల దిగి అటే నడుస్తున్న. గప్పుడు మావోళ్లు ఎదురొచ్చిన్రు. దండేసిన్రు. ‘ఏడవోతున్నవ్ర, ఇంటికి ఫోన్ వచ్చిందట, నీకు అన్‌ఫిట్ అయింది’ అన్నరు!” దగ్గు తెర అడ్డం పడింది. దగ్గుతూనే నవ్వాడు. “మార్చిన్రే! నేనొచ్చినంక మళ్ల సూసి మార్చిన్రు!”

డప్పు మోతలో ఆ మాటలు యిర్మియాకు తప్ప ఇంకెవరికీ వినపడలేదు. మసి ముఖాల దోస్తులు చిందులేస్తున్నారు. కెరోలిన్ కొంగు నోట్లో పెట్టుకుని ఏడుస్తోంది, ఈసారి సంతోషంతోనే. ఆకాశ్ బాయి దోస్తులకు బాలుషాహీ పంచుతున్నాడు.

యేసుకుమార్ తన మెడలో దండ తీసి అన్న మెడలో వేశాడు. “గిది నీదే. బాపు అన్‌ఫిట్ అయిన్నాడు నౌకరి నాకిడిసిపెట్టినోనివి నువ్వు.” అన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. “జెర చెప్పే అన్నా, నీ నోటితోని ఇనాలె. ఫోన్ చేసిందెవలు? ఏమన్నరు? ఒక్క మాట ఇడువకుంట చెప్పు.”

యిర్మియా తమ్ముడి చేతుల్ని గట్టిగా పట్టుకుని, డప్పు ఆపమని రాజానికి సైగ చేశాడు.